సల్వా ఒడ్డున ఒక శుక్రవారం

సల్వా దగ్గర సముద్రం అయిపోతుంది. ఉత్తరాన వెడల్పుగా మొదలై, సౌదీకీ ఖతర్‌కీ మధ్య దూరి, సన్నబడి, ఇక్కడి ఇసకలో ఆగిపోతుంది. చెప్పుకోదగ్గ అలలుండవు. ఉప్పు మాత్రం చేతిమీద తెల్లగా పేరుకునేంత. మా గోదావరి వైపు ఇలాంటి ఉప్పుటేరుని కూరగాయల బుట్టతో పడవెక్కి దాటేసేవాళ్ళం. ఇక్కడ ఇవతల సౌదీలో నేను, అవతల ఖతర్‌లో నా చెల్లెలు. మధ్యనున్న ఈ కాసిని నీళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

ఇద్దరం ఇళ్ళల్లో పనికే వచ్చాం. రోజూ ఫోన్‌లో మొహం చూపించి బాగున్నానంటుంది. ఆ గొంతుని నేను నమ్మలేదు. కళ్ళారా చూడాలి.

చలికాలంలో రెండు దేశాలవాళ్ళూ ఒడ్డున గుడారాలు వేసుకుంటారు. ఒక శుక్రవారం మా ఇంటివాళ్ళూ దాని ఇంటివాళ్ళూ ఒకేసారి ఎదురెదురు ఒడ్డులకి బయల్దేరారు. చుట్టూ తిరిగి కారులో వెళ్తే ఎంతోసేపు పట్టదు. కానీ కఫీల్, అంటే మా ఇంటి యజమాని, వీసా తీయిస్తే గానీ సరిహద్దు దాటలేను. మా కఫీల్ నాకంటే చిన్నవాడు. అయినా బాబా అనే పిలవాలి. "ఒక్క పూట, బాబా" అని బతిమాలాను. ఆయన నవ్వి, డేగల్ని చూసే బైనాక్యులర్స్ చేతిలో పెట్టాడు. "చూసుకో. దీనికి వీసా అక్కర్లేదు" అన్నాడు. పెద్ద ఉపకారం చేసినట్టు మొహమొకటి! ఆ బైనాక్యులర్స్‌ని నీళ్ళల్లోకి గిరాటెయ్యాలనిపించింది. వెయ్యలేదు. కళ్ళకి పెట్టుకున్నాను.

అవతల ఆడవాళ్ళందరూ నల్ల బట్టల్లోనే ఉన్నారు. అయినా వెతుక్కోనక్కర్లేకపోయింది. అంతమందిలో పని చేస్తున్న మనిషి ఒక్కతే. అమ్మ నేర్పినట్టే గొంతుక్కూర్చుని ఇసకతో గిన్నె తోముతోంది. తర్వాత లేచి నీళ్ళ క్యాన్ ఎత్తుకుంది. ఎడమ కాలు ఈడుస్తూ నడిచింది. కాస్త నడవడం, క్యాన్ దించుకోవడం, మళ్ళీ ఎత్తుకోవడం. గుడారం ముందు కూర్చున్నవాళ్ళు టీ తాగుతున్నారు. ఒక్కరూ లేవలేదు.

కోపమొచ్చింది. వాళ్ళ మీద, నవ్విన బాబా మీద, ఇన్నాళ్ళూ మొహం మాత్రమే చూపించిన దాని మీద. అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"ఎలాగున్నావే?"

"నాకేంటక్కా, రాయిలాగున్నాను."

"ఆ ఎడం కాలికేమైంది?"

అవతల అది ఇటు తిరిగి చూసింది.

"అంత దూరానికి కనపడిపోయిందా అక్కా?"

"సముద్రం ఇవతలున్నదాన్ని, నాకే కనపడిందే! ఒక్కింట్లో ఉంటన్నారు, ఆళ్ళకి కనపడదా?"

"కనపడతానే ఉందక్కా. మెల్లిగా నడుస్తన్నానని రోజూ తిడతన్నారు."