చలికి తప్పు చదివిన పెట్టె

ఆ చలికాలం మూడు వారాలు నేను ఒక లైబ్రరీతో కుస్తీ పట్టాను. పుస్తకాలు ఉండే లైబ్రరీ కాదు. పాలలో ఫ్యాట్ కొలిచే పెట్టెలో నడవాల్సిన ప్రోగ్రాం ముక్క. రాబర్ట్‌సన్‌పేటలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఒక బెంగళూరు కంపెనీకి పని చేస్తాను. ఆ పెట్టెలోని ప్రాసెసర్ చాలా చిన్నది. ప్రోగ్రాంను దాని మీదే తయారు చేసేంత ఓపిక దానికి లేదు. అందుకని నా ల్యాప్‌టాప్ మీద, ఆ ప్రాసెసర్‌కు అర్థమయ్యేలా తయారు చేసి పెట్టెలోకి ఎక్కించాలి. దీన్నే క్రాస్ కంపైల్ చేయడం అంటాం. ఈ లైబ్రరీకి ఇంకో మూడు లైబ్రరీలు కావాలి. వాటిలో ఒకదానికి మరొకటి కావాలి. ప్రతిదీ తనకు కావలసిన ఫైళ్ళను పెట్టె కోసం పెట్టిన ఫోల్డర్‌లో కాక నా ల్యాప్‌టాప్‌లో వెతుక్కునేది. ఒకటి సరిచేస్తే ఇంకొకటి ఆగిపోయేది. పది నిమిషాలు కుర్చీలో కూర్చుంటే ఇరవై నిమిషాలు వరండాలో తిరిగేదాన్ని.

"కాళ్ళు నొప్పి పుట్టవామ్మా? ఇంగ కాసేపు కూచో," అనేది మా అత్తమ్మ.

చివరికి ఒక మధ్యాహ్నం తప్పులేవీ లేకుండా అంతా కుదిరింది. పెట్టెలో ఎక్కించి, మా ఇంటి పాలతోనే ఆరుసార్లు కొలిచాను. ఆరుసార్లూ ఒకే అంకె. మరునాడే ఆ పెట్టెను కామసముద్రంలో పాలు పోసే డైరీలో పెట్టాం.

ఎనిమిది రోజులకు డైరీ సెక్రటరీ ఫోన్ చేశాడు.

"ఒకామె పాలు వారంగా ఫ్యాట్ తగ్గతా ఉండాయి మేడం. మిగతావాళ్ళవి బాగనే ఉండాయి. తప్పు పెట్టెదా, పాలదా?"

"పెట్టెలో తప్పు లేదు," అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మూడు వారాలు నలిగి తయారు చేసినదాన్ని ఎవరో అనుమానించారన్న రోషం అది.

ఫోన్ పెట్టేశాక ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. పెట్టెలో తప్పు లేదంటే పాలలో నీళ్ళు ఉన్నాయని నేను చెప్పినట్టే. అన్నం ముందు కూర్చుని లేచాను. రెండు రోజులు ఆ ప్రోగ్రాంనే మొదటి నుంచి చదివాను. ఏమీ కనబడలేదు. మూడో రోజు తెల్లవారుతుండగా స్కూటర్ తీశాను.

నేను చేరేసరికి చేతులు కొయ్యబారిపోయాయి. డైరీ తలుపు అప్పుడే తీశారు. మొదట వచ్చింది ఆమే. నలభై ఏళ్ళుంటాయి. క్యాను ఒక చేతిలో, టిఫిన్ సంచి మరో చేతిలో. బంగారపేటలో బట్టలు కుట్టే చోట పని చేస్తుందని, పొద్దుటి రైలు అందుకోవాలి కాబట్టి రోజూ అందరికంటే ముందు పోసిపోతుందని సెక్రటరీ చెప్పాడు. పాలు పెట్టె కింద పెట్టాడు. ఫ్యాట్ మళ్ళీ తక్కువే. పాలు కొనుక్కోవడానికి వచ్చి వెనక నిలబడ్డ ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారు.

ఆమె నా వైపు తిరిగింది. "ఈ పెట్టె చేసినది మీరేనంట కదమ్మా?"

"అవునక్కా."

"నేను నీళ్ళు కలపలేదు. నిన్న మా ఆడబిడ్డ కూడా అడిగింది, కలిపినావా అని."

ఆమె రైలుకు వెళ్ళిపోయింది. ఆమె పాలు కొన్ని ఒక సీసాలో పోసి ఉంచమని సెక్రటరీని అడిగాను. ఎండ రేకుల మీద పడి, గది కాస్త వెచ్చబడ్డాక, సీసా బాగా కలిపి అవే పాలు మళ్ళీ కొలిపించాను. ఈసారి అంకె పైకొచ్చింది. అందరివీ ఎలా ఉన్నాయో అలాగే ఉంది.

"ఇదేంది మేడం?" అన్నాడు సెక్రటరీ.

నాకు తెలియలేదు. మరో పెట్టె ఇంట్లో ఉంది. వెళ్ళగానే దాన్ని ఫ్రిజ్‌లో, కరివేపాకు పక్కన పెట్టాను. అత్తమ్మ పెరుగు కోసం తలుపు తీసి, పెట్టెను పక్కకు జరిపి, పెరుగు గిన్నె తీసుకుని మూసేసింది. గంట తరువాత బయటికి తీసి వెంటనే మా ఇంటి పాలు కొలిచాను. తక్కువ. కాసేపు బయట ఉంచి కొలిచాను. సరిగ్గా ఉంది.

ఇక వెతకడం తేలికైంది. చలికీ వేడికీ తగ్గట్టు కొలతను సవరించే పని, ఆ మూడు లైబ్రరీల్లో ఒకటి చేస్తుంది. ఇరవై డిగ్రీలకు ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నది ఒక బైటులో, అంటే రెండు వందల యాభై ఆరు అంకెలు మాత్రమే పట్టే చిన్న గడిలో, దాస్తుంది. చలి ఎక్కువైతే అది మైనస్ అంకె. నా ల్యాప్‌టాప్ ఆ బైటును మైనస్ గుర్తుతో చదువుతుంది. పెట్టెలోని ప్రాసెసర్‌కు, మనం విడిగా చెప్పకపోతే, అలాంటి బైటులో మైనస్ అనేదే లేదు. మైనస్ నాలుగు దానికి రెండు వందల యాభై రెండు; చలిని మండే వేడి అనుకుని కొలతను తగ్గిస్తుంది. అంత పెద్ద అంకె వచ్చినా సవరణ ఒక హద్దు దాటకుండా ఎవరో కట్టడి పెట్టారు. అందుకే అంకె మరీ పిచ్చిగా కాక, నీళ్ళు కలిపిన పాలలా తగ్గింది. ఆమె పోసేసరికి పెట్టె ఇంకా రాత్రి చలిలోనే ఉండేది, మిగతావాళ్ళు వచ్చేసరికి వెచ్చబడేది. నేను ఆ ప్రోగ్రాంను చదివింది ల్యాప్‌టాప్ కళ్ళతో, పరీక్షించింది మధ్యాహ్నం వెచ్చదనంలో.

ఆ బైటులో మైనస్ కూడా ఉంటుందని ప్రోగ్రాంలో ఒక్క మాట చేర్చాను. అన్నింటినీ మళ్ళీ క్రాస్ కంపైల్ చేసి, పెట్టెను రెండుసార్లు ఫ్రిజ్‌లో పెట్టి చూశాను. కంపెనీకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

మరునాడు పొద్దున్నే డైరీలో పెట్టెకు కొత్త ప్రోగ్రాం ఎక్కించి, ఆమె కోసం నిలబడ్డాను. రాగానే చెప్పాను.

"తప్పు పెట్టెదేనక్కా. నాదే. చూడకుండా లేదని చెప్పినాను."

ఆమె క్యాను కింద పెట్టి చుట్టూ చూసింది. సెక్రటరీ, నేను, ఇంకో ముసలాయన.

"ఇప్పుడు ఎవురుండారమ్మా వినేకి? సాయంత్రం అందరూ వస్తారు. అప్పుడు చెప్పండి."

పాలు పోసింది. ఫ్యాట్ సరిగ్గా వచ్చింది. ఆమె అంకె వైపు చూడలేదు. రైలుకు టైమైందని వెళ్ళిపోయింది.

ఆ పగలంతా ఆ ఊర్లోనే తిరిగాను. మామిడి తోటల పక్క దారిలో పోయి, వచ్చి, మళ్ళీ పోయాను. చెప్పాల్సింది నాలుగు మాటలే, అయినా నోట్లోనే వంద రకాలుగా మారాయి. సాయంత్రం క్యాన్లతో జనం వచ్చారు. బంగారపేట నుంచి ఆమె కూడా రైలు దిగి వచ్చి, గోడ పక్కన నిలబడింది. పెట్టె చలికి తప్పు చదివిందని, ఆమె పాలు మొదటి నుంచీ మంచివేనని, పెట్టె మంచిదని చెప్పింది నేనేనని అందరి ముందు చెప్పాను.

పక్కనున్నామె ఆమె భుజం తట్టింది. తరువాత పొద్దుటి ముసలాయన అడిగాడు. "ఇట్లాంటి పెట్టె ఇంగ యాడన్నా పెట్టినారా?"

పెట్టాం. ఆవని దగ్గర ఒక ఊర్లో, కామసముద్రంలో పెట్టిన నాలుగు రోజులకు. అక్కడి నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు కాబట్టి బాగానే ఉందనుకున్నాను.

మరునాడు ఉదయం కొత్త ప్రోగ్రాంతో అక్కడికి వెళ్ళాను. ఎక్కించి, కొలిచి, ఆ డైరీలో పని చేసే ఆమెను అడిగాను, పొద్దున అందరికంటే ముందు పాలు పోసేది ఎవరని.

"ఒక పెద్దాయన వస్తా ఉండె. నాలుగు రోజులాయె, రావడం లేదు."

"ఆయన ఇల్లు యాడ?" అన్నాను, స్కూటర్ తాళం తీస్తూ.