నాయనమ్మ మింగిన మాత్రలు

మొన్న మా అమ్మాయికి జ్వరం వస్తే, మెడికల్ షాపు నుంచి తెచ్చిన మాత్రను రేకులోంచి తీసి అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చేదు వాసన. వాసన చూసి ఏం కనిపెడతావని అమ్మాయి నవ్వింది. కనిపెట్టేదేమీ లేదని నాకూ తెలుసు. రేకు మీద తారీఖు చదివాను, అదీ అచ్చువేసినవాడి మాటే కదా అనుకున్నాను. ఈ అనుమానం నాకు ఖమ్మం వచ్చాక పట్టుకున్నది కాదు. భద్రాచలం అడవి అంచున, మా ఊళ్లో, మా నాయనమ్మ దగ్గర అబ్బింది.

ఎండాకాలం ఇప్పపూలు వాకిట్లో ఆరుతూ ఊరంతా మత్తు వాసన వేసే రోజుల్లోనూ, వానలు పడ్డాక వెదురు కొమ్ముల కూర ఇంటింటా ఉడుకుతుంటే మేం చూరు కింద చింతగింజలాడుకునే రోజుల్లోనూ ఆమె గడప మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను ఎగాదిగా చూస్తుండేది. అడవి నుంచి కొత్త పుట్టగొడుగో తెలియని దుంపో వస్తే వండి ముందు తను తినేది. పొద్దుగూకేదాకా తనకేమీ కాకపోతేనే మా కంచాల్లో పడేది. అడవిని నమ్ముకుని బతికే ఇళ్లలో అది పెద్దవాళ్ల పని. నాయనమ్మ ఆ పద్ధతిని బోరింగు నీళ్లకూ, మణుగూరు బొగ్గుగనుల కాలనీ నుంచి బాబాయి తెచ్చే బిస్కెట్లకూ కూడా పెట్టింది. ఆ బిస్కెట్ల కోసం సాయంత్రం దాకా గుటకలు మింగుతూ కూర్చునేవాళ్లం.

వానలకు ముందు దోమల మందు కొట్టేవాళ్లు వచ్చి గోడలన్నీ తెల్లగా చారలు చేసిపోతే, మర్నాడే ఎర్రమన్నూ పేడా కలిపి వాటిని అలికేసేది. ఆమె చెయ్యి తిరిగిన గోడ నున్నగా, అందంగా ఉండేది. దోమలకూ అది నచ్చేది.

ఒక వానాకాలం మా చెల్లెలు మల్లికి చలిజ్వరం పట్టుకుంది. గొంగడి మీద గొంగడి కప్పినా మంచం కదిలేలా వణికింది. ఊరూరా సైకిల్ మీద తిరిగే దవాఖాన సారు వచ్చి, దాని వేలికి సూది గుచ్చి అద్దం ముక్క మీద నెత్తుటి చుక్క తీసుకున్నాడు.

"మా పిల్ల నెత్తురు ఏడికి తీస్కపోతున్నవ్?" అంది నాయనమ్మ.

"పరీక్షకు అవ్వా. మలేరియా ఉన్నదో లేదో చూడాలె."

"చూసి మళ్ల తెచ్చిస్తవా?"

సారు మాత్రలు ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నాయనమ్మ మొదటిది తనే మింగి గడప మీద కూర్చుంది. "అత్తా, జల్దీ ఇయ్యి, పిల్ల కాలిపోతున్నది" అని అమ్మ ఏడ్చింది. పొద్దుగూకాకే మల్లి నోట్లో ఒకటి పడింది. ఒకటి మంచిదైతే అన్నీ మంచివవుతాయా, పుట్టగొడుగులు అట్లా కావు కదా. అందుకే ప్రతి మాత్రకూ ముందు ఆమెదే వంతు.

జ్వరం దిగింది. కొత్తల పండుగకు మల్లి కొత్త బియ్యం పాయసం తిని అందరితో గంతులేసింది. తర్వాత జ్వరం తిరగబెట్టింది. ఈసారి మల్లి అమ్మను కూడా గుర్తుపట్టలేదు. చెల్లెలు చచ్చిపోతుందని నేను పశువుల కొట్టం వెనక కూర్చుని ఏడ్చాను.

"గోలీలన్నీ మింగిందా?" అడిగాడు మళ్లీ వచ్చిన సారు.

"సగం నేనే మింగిన. నాకేం కాలే, గప్పుడే దానికిచ్చిన" అంది నాయనమ్మ, కాస్త గర్వంగానే.

సారు సంచీలోంచి ఒకే రకం మాత్రలు తీసి రెండు పొట్లాలు కట్టాడు. "ఇది నీది అవ్వా. ఇది పిల్లది. నీ గోలీ నువ్వు మింగు, దానిది దానికియ్యి. మాపటిదాకా ఆగకు."

నాయనమ్మ రెండు పొట్లాలనూ మార్చి మార్చి చూసింది. ఆయన ముందే మల్లి పొట్లం తను తీసుకుని, తన పొట్లం విప్పి మల్లి నోట్లో మాత్ర వేసింది. మల్లి బతికింది.

మల్లి ఇప్పుడు మధిరలో ఉంటుంది. నాయనమ్మ లేదు, ఆ ఎర్రమన్ను గోడలూ లేవు. అనుమానం మాత్రం మా అందరి ఫోన్లలోకి రోజూ వచ్చిపడుతూనే ఉంది. ఫలానా టీకా మంచిది కాదట, ఫలానా నూనెలో ఏదో కలుస్తోందట. చదివి భయపడతాం, ఇంకో నలుగురికి పంపిస్తాం.

మొన్న అమ్మాయి మాత్ర కోసం చెయ్యి చాపింది. రేకులో ఇంకా చాలానే ఉన్నాయి, ఒకటి నేను ముందు మింగి చూడవచ్చు. మింగలేదు. మాత్ర దాని చేతిలో పెట్టి, నీళ్ల గ్లాసు అందించి, దాని మొహం చూస్తూ నిలబడ్డాను.