క్యారేజీ తెచ్చిన మనిషి

నేను అయిదో తరగతిలో బడి మానేసినప్పుడు మా పంతులుగారు నాన్నను ఓదార్చలేదు, చెయ్యి పట్టుకుని కృతజ్ఞత చెప్పారు. ఆ ఏడు బడిలో ఫలితాలు బాగుపడ్డాయని తర్వాత విన్నాను. అలా అక్షరాలను నా బారినుంచి కాపాడి, నన్ను బస్తాలకు అప్పగించారు. బస్తాలు నోరు లేనివి కాబట్టి సర్దుకుపోయాయి.

కంకిపాడులో కాలవ పక్కన బియ్యం మిల్లు. అక్కడ లారీలకు బస్తాలు ఎత్తే ముఠా మాది. మిల్లుకూ మాకూ మధ్య ఒక మేస్త్రి. మిల్లు కూలి ఆయనకిస్తే ఆయన మాకిచ్చేవాడు. నాన్నదీ అదే ముఠా. నడుం పట్టేసి ఇక ఎత్తలేననుకున్నాక, నిండిన గోతాల మూతులు కుట్టే పని ఆయనకిచ్చారు. దానికి అరవాటా. ముఠాలో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. చేవ ఉన్నన్నాళ్ళు మోసినవాణ్ణి పొమ్మనరు. దబ్బనమూ పురికొసా చేతికిచ్చి నీడన కూర్చోబెడతారు. కుట్టే పని లేనప్పుడు నాన్న ఆ దబ్బనాన్ని తలపాగాలో గుచ్చుకునేవాడు. బంట్రోతుకు బిళ్ళలాగ మా నాన్నకు దబ్బనం.

డెబ్బైల నడుమ కాంట్రాక్టు కూలీలకు కొత్త రూల్సు వచ్చాయి. ఒకనాడు మిల్లు గేటు పక్కన తెలుగులో బోర్డు కట్టారు. ముఠా మొత్తానికి విద్వాంసుణ్ణి నేనే కాబట్టి కూడబలుక్కుంటూ చదివాను. కనీస కూలి ఇంత, అంతకు తక్కువ ఎవరికీ ఇవ్వకూడదు. మిల్లు మనిషి ఎదురుగా ఉండగా ఎవరి కూలి వాళ్ళ చేతిలో పెట్టాలి. మేస్త్రి ఎగ్గొడితే మిల్లే ఇచ్చుకోవాలి.

"మళ్ళీ చదవరా," అన్నాడు నాన్న.

"రెండోసారికి కూలి వేరే," అన్నాను. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నాన్నే నవ్వాడు.

ఆ సాయంత్రం మేస్త్రి వచ్చి నాన్న పక్కన చతికిలబడ్డాడు.

"బాబాయ్, అరకూలి ఇస్తే ఇప్పుడు కేసంట. నిండు కూలి ఇచ్చేట్టయితే మోసేవాణ్ణే పెట్టుకోమంటున్నారు మిల్లోళ్ళు. తనిఖీకి ఆఫీసరు వచ్చిపోయేదాకా పనోణ్ణని అనొద్దు. ఆయన పోయాక ఎప్పట్లాగే కుట్టుకుందువుగాని."

మేస్త్రి చెడ్డవాడు కాదు. ఆ మాట తనూ నమ్మే చెప్పాడు.

బెజవాడ నుంచి లేబరాఫీసరు వచ్చిన పూట నేను లారీకి వేసిన చెక్క ఎక్కుతున్నాను. మెడమీద బస్తా ఉన్నవాడు తల తిప్పలేడు. వినడం తప్ప ఏమీ చెయ్యలేడు.

"ఏం పెద్దాయనా, నీకెంత ఇస్తున్నారు?"

"నేను పనోణ్ణి కాదండీ. మావాడికి క్యారేజీ తెచ్చానండీ."

"మరి తలపాగాలో ఆ దబ్బనం ఏంటి?"



"ఇంటికాడ పాత గోతాలు కుట్టుకుంటానండీ, పడుకోడానికి."

ఆఫీసరు గొంతు తగ్గించాడు. "భయపడకు. పని చేస్తుంటే చెప్పు, నీకూ నిండు కూలి ఇప్పిస్తాను. ముసలాడివని తగ్గించడానికి వీల్లేదు."

"అబ్బే, అసలు పనే చెయ్యనండీ."

నేను బస్తా దించి తిరిగేసరికి ఆయన రాసుకుని వెళ్ళిపోతున్నాడు. నాన్న దబ్బనం తీసి బొడ్లో దోపుకుంటున్నాడు.

మర్నాడు మిల్లు గుమస్తా నాన్నను గేటు దగ్గరే ఆపేశాడు. కూలీల పుస్తకంలో పేరున్నవాళ్ళకే లోపలికి దారి అన్నాడు. మేస్త్రిని పిలిపించాం. వచ్చాడు గానీ మా మొహాలు చూడలేదు.

"ఆఫీసరు రాసుకుపోయాడు బాబాయ్, నువ్వు పనోడివి కాదని. మళ్ళీ లోపల కనపడితే కాంట్రాక్టు పీకేస్తామంటున్నారు."

"నువ్వేగా అట్టా చెప్పమంది?"

"నేనే బాబాయ్."

ముఠావాళ్ళు గేటు బయట తలా కొంచెం వేసి అరవాటా ఇస్తామన్నారు. "కుట్టని మూతికి నాకు కూలేందిరా," అని నాన్న కండువా దులుపుకుని ఇంటికి నడిచాడు.

ఆ రూలును నేనిప్పటికీ ఒక్క మాట అనను. దానివల్లే నా చేతికి నిండు కూలి వచ్చింది, మా అమ్మ చీర మారింది. నాన్నకు మాత్రం పొద్దుపోయేది కాదు.

కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, గేటు బయట ఆయన కనపడ్డాడు. చేతిలో క్యారేజీ. అంతకుముందు ఎప్పుడూ నా అన్నం పొద్దున్నే గుడ్డలో కట్టుకుని నేనే తెచ్చుకునేవాణ్ణి. ఆ క్యారేజీ ఎక్కడ కొన్నాడో, దేనితో కొన్నాడో అడగలేదు. నేను తింటున్నంతసేపూ కమ్మీల్లోంచి లోపలి బస్తాలనే చూశాడు.

"కుట్లు దూరం దూరం వేస్తున్నారు. నూకలు కారిపోతాయి," అన్నాడు.

రోజూ అంతే. ఎండయినా, వానయినా. తలపాగా ఉంది, దబ్బనం లేదు. చూడలేక ఒకరోజు వేళాకోళంలోకి దిగాను.

"ఏం నాన్నా, ఆఫీసరుకు చెప్పిన అబద్ధాన్ని రోజూ నిజం చేసుకొస్తన్నావు. ఇక చాల్లే, ఇంటిదగ్గర పడుకో."

ఆయన గిన్నెలు ఒకదానిమీద ఒకటి సర్ది, కడ్డీ బిగించాడు.

"రేపు ఆయన మళ్ళీ వచ్చి, పెద్దాయనా ఏం చేస్తుంటావని అడిగితే, ఏదో ఒకటి చెప్పాలిగా మరి."