కుర్చీలు లేని నగరం

తాళాలాయన దుకాణం చాలా చిన్నది. ముందు గదిలో ఒకరు నిలబడితే రెండోవారు గడప బయటే ఆగాలి. గోడ నిండా మేకులకు వేలాడే తాళంచెవులు, కిటికీ పక్కన చెవులు అరగదీసే యంత్రం, దాని కింద ఎప్పుడూ ఇత్తడి రజను. ముసలివాళ్లెవరైనా ఇంటి తాళంచెవి పోగొట్టుకుని వస్తే ఆయన చేతిలో పని వదిలి వాళ్లతో పాటు నడిచి వెళ్లేవాడు. తలుపు తీసి, లోపల దీపం వెలిగేదాకా ఉండి మరీ తిరిగొచ్చేవాడు. ఎవరైనా మెచ్చుకుంటే సిగ్గుపడేవాడు. "చేతికి విద్య ఇచ్చింది దేవుడు, నడవడానికి కాళ్లిచ్చిందీ ఆయనే. మధ్యలో నాదేముంది?" అనేవాడు.

దుకాణం వెనక గదిలో ఒక పొడుగాటి బల్ల ఉండేది. సెలవు రోజు మధ్యాహ్నం దాని చుట్టూ నలుగురు చేరేవారు. తాళాలాయన, ఆయన భార్య, ఆవిడ అన్న, వీధి చివర ఇంట్లో ఉండే బస్సు డ్రైవరమ్మ. వాళ్లాడేది కథల ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక వీరుడై, ఆ కథలో తామేం చేస్తారో చెబుతారు. అనుకున్నది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. బజారులో దొరికే ఇలాంటి ఆటల్లో ముసుగులు తొడుక్కుని మేడల మీంచి దూకే సూపర్ హీరోలుంటారు. తాళాలాయన మనసుకు వాళ్లు పట్టలేదు. చిన్నప్పుడు ఊరి బడిలో పంతులుగారు చెప్పిన దేవతలే ఆయనకు తెలిసిన వీరులు. వాళ్లనే నగరంలోకి దించి, బస్సులెక్కించి, దొంగల మీదికి పంపాడు.

మొదట్లో భయపడ్డాడు. దేవతల్ని తెచ్చి పాచికల ముందు నిలబెట్టడం అపచారమేమోనని భార్యతో అన్నాడు.

"వాళ్ల కథలు చెప్పుకోవడమే అపచారమైతే ఈపాటికి లోకమంతా నరకంలో ఉండాలి. కానివ్వండి, చెప్పండి," అంది ఆవిడ.

అసలు చిక్కు వాళ్ల బలంతో వచ్చింది. కొండను పెకలించేవాడికి బ్యాంకు దొంగ ఒక లెక్కా? కథ మొదలుకాకముందే ముగిసిపోతుంది. పోనీ బలం తగ్గిద్దామంటే ఆయనకు చేతులు రాలేదు. చాలా రోజులు ఆలోచించి, బలం జోలికి పోకుండా షరతులు పెట్టాడు. గాలిదేవుడి బిడ్డ తలుపులు మూసిన గదిలోకి రాలేడు. సముద్రుడి వంశంవాడు ఎవరు దాహమన్నా, శత్రువైనా సరే, యుద్ధం ఆపి నీళ్లివ్వాలి. పిడుగు విసిరేవాడు ముందుగా మెరవాలి, ఆ వెలుగులో ఎదుటివాడు తప్పుకుంటే చేసేదేం లేదు.

ప్రాణాలకు మాత్రం వరాలుండేవి. ఎవరి వరం వాళ్లే తమ మాటల్లో కోరుకోవాలి. కోరుకున్నాక మార్చుకోవడం కుదరదు. ఆ మాటల్లో సందు వెతకడం కథ నడిపేవాడి పని. సందు దొరికిందా, వీరుడు పోయినట్టే. తాళాలాయన చేతిలో డ్రైవరమ్మ వీరులు ఒకరి తర్వాత ఒకరు పోతూనే ఉండేవారు.

"నీళ్లలో వద్దన్నాను, నిప్పులో వద్దన్నాను. చివరికి మంచులో పెట్టి చంపాడమ్మా మీ ఆయన! మనిషా, యముడా?" అని ఆవిడ ప్రతిసారీ తాళాలాయన భార్యతో మొరపెట్టుకునేది.

ఒక్క వరం మాత్రం ఏళ్ల తరబడి చెక్కు చెదరలేదు. అది భార్య అన్నగారిది. ఆయనకు పక్క వీధిలో సెలూన్ ఉంది. అందరికీ ఆయన కత్తెరన్న. ఆటలో ఆయన వీరుడు స్వర్గానికి కాపలా కాసీ కాసీ విసుగెత్తి, చెప్పాపెట్టకుండా నగరంలోకి దిగొచ్చిన ద్వారపాలకుడు. వరం కోరుకోమన్నప్పుడు కత్తెరన్న ఆలోచించనైనా లేదు.

"కాళ్ల మీద నిలబడి ఉన్నంతసేపు నన్నెవరూ చంపలేరు. అంతే."

"అదేం వరం బావా? కాస్త పెద్దది కోరుకోరాదూ?"

"పొద్దుగూకులూ నిలబడే బతుకయ్యా నాది. ఊరంతా నా ముందు కూర్చున్నవాళ్లే. ఆ పుణ్యం ఎక్కడో ఒకచోట అక్కరకు రావద్దూ?"

ఇక అప్పట్నించి ద్వారపాలకుడు కూర్చోలేదు. రాజు సింహాసనం చూపిస్తే నడుము నొప్పి అన్నాడు. మాయలాడి పట్టుపరుపు వేస్తే గుర్రంలా నిలబడే నిద్రపోయాడు. రైల్లో సీటుంటే తలుపు దగ్గర వేలాడుతూ వెళ్లాడు. తాళాలాయన ఎక్కడ కుర్చీ పెట్టినా కత్తెరన్న బల్ల మీద చరిచి, "ససేమిరా!" అని అరిచేవాడు. ఆ అరుపు కోసమే తాళాలాయన వారం వారం కొత్త రకం కుర్చీ తయారు చేసుకుని వచ్చేవాడు.

బయట కత్తెరన్న నిజంగానే కూర్చునే మనిషి కాదు. ఒకే ఒక్క సందర్భంలో కూర్చునేవాడు. పసిపిల్లలు ఎత్తు కుర్చీ చూసి బెదిరి ఏడిస్తే, తానే నేల మీద చతికిలబడి, పిల్లను ఒళ్లో పెట్టుకుని జుట్టు కత్తిరించేవాడు. తాళాలాయన అది ఎన్నోసార్లు చూశాడు.

తర్వాత కత్తెరన్న కాళ్లు మొరాయించడం మొదలుపెట్టాయి. మొదట గడప తట్టుకున్నాడు. నవ్వేసుకున్నారు. ఆపైన కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఒరిగి అద్దం పట్టుకున్నాడు. నరాల జబ్బన్నారు పెద్దాసుపత్రిలో. కాళ్లతో ఆగదు, చేతులకొస్తుంది, ఆ తర్వాత ఊపిరి దాకా వెళ్తుందని డాక్టరు తల వంచుకుని చెప్పాడు. కత్తెరన్న సెలూన్ని తన దగ్గర పని నేర్చుకున్న మనిషికి అప్పగించాడు. ఆ మనిషి రోజూ దుకాణం తెరవకముందే ఇంటికొచ్చి, గురువుకు గడ్డం గీసి, తువ్వాలు మడిచి, మాట్లాడకుండా వెళ్లేవాడు.

ఆటకు మాత్రం కత్తెరన్న చక్రాల కుర్చీలో వచ్చేవాడు. డ్రైవరమ్మ తోసుకొచ్చేది. ఆయన్ని అలా చూసిన మొదటి రోజే తాళాలాయన లోపలేదో తెగింది. కథలో ఆయన చేయి తనకు తెలియకుండానే తప్పుకుంది. రాజసభల్లో సింహాసనాలు పోయాయి. రైళ్లు పోయాయి. తోటల్లో బల్లలు పోయాయి. పాచికలు కనబడకుండా ఆయన ముందు నిలబెట్టుకునే అట్ట చాటున శత్రువుకు మంచి పందెం పడినా, ఓడిందనే చెప్పేవాడు. రాక్షసులు వచ్చి, నాలుగు దెబ్బలు తిని, మర్యాదగా చచ్చిపోయేవారు.

ఒక రోజు కత్తెరన్న తన పాచికలు బల్ల మీద పెట్టేశాడు.

"ఏమయ్యా తాళం, ఒకటడుగుతాను, నిజం చెప్పు. మీ ఊళ్లో కుర్చీలన్నీ ఏమయ్యాయి?"

తాళాలాయన అట్ట వంక చూస్తూ ఉండిపోయాడు.

"చెప్పవేం? వడ్రంగులంతా సమ్మె చేశారా?"

డ్రైవరమ్మ నవ్వబోయి, కత్తెరన్న మొహం చూసి ఆపేసింది.

"బావా, అది కాదు..."

"నన్ను చూడగానే వీధిలో గొంతులు తగ్గిస్తున్నారు. నా కూతురు నా ముందు మెట్లెక్కడం మానేసింది, నేను బాధపడతానని. సరే, లోకం తీరు, భరిస్తాను. నన్ను చంపుదామని గట్టిగా చూసేవాడు ఈ భూమ్మీద నువ్వొక్కడివే మిగిలావనుకున్నాను. నువ్వూ జాలిపడటం మొదలుపెట్టావా? నన్ను ఇంటికి తీసుకుపో డ్రైవరమ్మా. ఇక రాను."

తర్వాతి వారం ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు. తాళాలాయన యంత్రం ముందు కూర్చుని తప్పుడు తాళంచెవులు చేశాడు. దేవుడి ముందు నిలబడ్డా మాట రాలేదు. ఒక రాత్రి భార్య మూడు కంచాలు కడిగేంతసేపు ఊరుకుని, నాలుగోది చేతిలో ఉండగా వెనక్కి తిరిగింది.

"మా అన్నయ్య ప్రాణం నిలపడం మీ చేతుల్లో ఉందా?"

"లేదు."

"మరి ఆ కాపలావాడి ప్రాణం?"

ఆయన గూట్లో ఉన్న పాచికల వంక చూశాడు.

"అన్నయ్యకి ఎలా పోతానో తెలుసండీ. మంచం మీద, గొట్టాలు పెట్టించుకుని, ఎవరినీ పలకరించలేక పోతాడు. అందుకే వాడికైనా ఒక చావు చూపించమంటున్నాడు. అదీ చెయ్యలేకపోతే ఎందుకండీ మీరు?" అని ఆవిడ కంచం అక్కడే పెట్టి ఏడ్చింది.

ఆ సెలవు రోజు ముగ్గురూ కత్తెరన్న ఇంటికే వెళ్లారు. ఆయన కిటికీ దగ్గర ఉన్నాడు. చేతులు అప్పటికే వణుకుతున్నాయి. తాళాలాయన ఏమీ అనకుండా భోజనాల బల్ల మీద పాచికలు పరిచాడు. అడ్డుపెట్టుకునే అట్ట తీసుకురాలేదు. కత్తెరన్న అది గమనించి, చక్రాలు తానే తోసుకుంటూ బల్ల దగ్గరకొచ్చాడు.

కథలో నగరం వరదలో మునుగుతోంది. నీళ్లు పంపినవాడు వంతెనకు అవతల కత్తి పట్టుకుని కాచుకున్నాడు. పాచికలు అందరి కళ్లెదుటా దొర్లాయి. ఈసారి కనికరం లేదు. డ్రైవరమ్మ పిడుగుల వీరుడు పడిపోయాడు. కత్తెరన్న చెల్లెలి వానదేవత అలసిపోయింది. వంతెన మీద ద్వారపాలకుడు ఒక్కడే మిగిలాడు. అతని వెనక ఒక పసిపిల్ల, అమ్మ ఎక్కడో తప్పిపోయింది.

"తెల్లవారేదాకా పడవ రాదు," అన్నాడు తాళాలాయన. "పిల్ల తడిసిపోయింది. వణుకుతోంది. నేల మీద పడుకోవాలంటే భయం, నీళ్లున్నాయి. నీ వేలు పట్టుకుని, 'మావయ్యా, నిద్రొస్తోంది, ఒళ్లో పడుకోనా?' అంటోంది."

"వద్దన్నా! ఎత్తుకోండి, నిలబడే ఎత్తుకోండి!" అంది డ్రైవరమ్మ.

"ఎత్తుకుంటే కత్తి ఎలా పట్టుకుంటానమ్మా," అన్నాడు కత్తెరన్న మెల్లగా. ఆయన కళ్లు తాళాలాయన మీదే ఉన్నాయి. "దొరికిందా సందు?"

"దొరికింది బావా."

"ఎప్పుడు?"

"నువ్వు వరం అడిగిన రోజే."

కత్తెరన్న మొహంలో చాలాకాలం తర్వాత పాత వెలుగు కనిపించింది. "దొంగ వెధవా! ఇన్నేళ్లూ తెలిసీ సింహాసనాలతో ఆడించావా నన్ను?"

"ఆట అయిపోతుందని..."

"అవనీ." ఆయన వణికే చేత్తో తన పాచికల్ని పక్కకు నెట్టాడు. "వీటితో పని లేదు. వాడు కూర్చుంటాడు. వంతెన గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంటాడు. పిల్లను పడుకోబెట్టుకుంటాడు. చెప్పు, వాడికెలా ఉంది?"

తాళాలాయన భార్య వైపు తిరిగాడు. చెల్లెలు అందుకుంది. "హాయిగా ఉంది అన్నయ్యా. యుగాల తర్వాత కూర్చున్నాడు కదా. ముందు మడమలు తేలికపడ్డాయి, తర్వాత మోకాళ్లు. పిల్ల నిద్రపోయింది. వానదేవత ఆకాశంలోంచి చూస్తోంది. పిల్లను తను తీసుకుంటుంది, దిగులుపడొద్దంటోంది."

"కత్తి పట్టినవాడొస్తున్నాడా?"

"వస్తున్నాడు," అన్నాడు తాళాలాయన. మిగతాది ఆయనే చెప్పాడు, దేన్నీ దాచకుండా, చివరిదాకా.

"బాగా చంపావయ్యా," అన్నాడు కత్తెరన్న.

ఆ తర్వాత ఆట సాగలేదు. చలికాలం వచ్చేసరికి ఆయన మాట పోయింది, ఆపైన ఊపిరి యంత్రం మీదికెళ్లింది. చెల్లెలు చెప్పినట్టే గొట్టాలన్నీ వచ్చాయి. ఆసుపత్రి గదిలో ఎండ గోడ పైభాగాన కాసేపు నిలిచి వెళ్లిపోయేది. తాళాలాయన పొద్దున్నే వచ్చి మంచం పక్కన నిలబడేవాడు. బావ పరుపు మీద చేయి ఆనించి, పెదవులు కదుపుతూ దేవుణ్ణి తలుచుకునేవాడు.

నర్సమ్మ ఒకావిడ రోజూ ఆయన్ని చూసేది. ఒక మధ్యాహ్నం ఎక్కడినుంచో కుర్చీ మోసుకొచ్చి, చీరకొంగుతో దాని మీది దుమ్ము తుడిచి, ఆయన వెనక పెట్టింది.

"పొద్దున్నుంచీ అలాగే ఉన్నారు. కాస్త కూర్చోండి బాబూ."

"వద్దు తల్లీ," అన్నాడాయన. మంచం వంక చూసి, కాళ్లు సవరించుకున్నాడు. "నిలబడతాను."