తెగిందని చెప్పేవాళ్లు

మా అమ్మాయి పెంచుకునే కుక్కకు ఈమధ్య చెవి వెనక తెగింది. వీధి కుక్కలతో కొట్లాడి తెగలేదు, కుక్కలకు స్నానం చేయించి, బొచ్చు కత్తిరించి, గోళ్లు తీసి, సెంటు కొట్టి పంపే దుకాణంలో తెగింది. మన ఈడువాళ్లు ఈ మాటకు నవ్వుకుంటారని తెలుసు. మెదక్‌లో అలాంటి దుకాణం ఒకటి పెట్టారని విన్నప్పుడు నేనూ నవ్వాను, ఆదివారం పూట మనుషులనే సెలూన్లో గంటలకొద్దీ కూర్చోబెట్టే ఊళ్లో కుక్కలకు వేరే సెలూనా అని. కానీ అమ్మాయి పొద్దున ఆఫీసుకు పోతే చీకటి పడే వేళకు వస్తుంది, తపాలా ఆఫీసు కౌంటరులో పనిచేసి రిటైరై ఆమె దగ్గర ఉంటున్న నాకు వేరే పనేమీ లేదు, అందుకని కుక్కను ఆటోలో తీసుకుపోయే పని నా మీద పడింది. దాని పేరు స్నోయీ. నాకు నోరు తిరగక సోనీ అంటాను. అది రెండింటికీ పలుకుతుంది.

దుకాణంలో పనిచేసేది ఒక్కడే. పాతికేళ్లు దాటిన మనిషి, పెళ్లయింది, చిన్నపిల్ల ఉంది, రోజూ రేగోడ్ వైపు పల్లె నుంచి బండి మీద వచ్చిపోతాడు. ఇవన్నీ అంతకుముందు పోయినప్పుడే చెప్పాడు. యజమాని హైదరాబాదులో ఉంటాడట. ఆ రోజు అతను కుక్కను బయటికి తెచ్చేటప్పుడు మెడకు గులాబీరంగు రుమాలు కట్టి, చెవుల దాకా పౌడరు చల్లి, పెళ్లికూతురిని చేసి తెచ్చాడు. నా చెయ్యి దానంతటదే బొచ్చుకు ఎదురుగా చర్మం వెంబడి పోయింది. ఎన్నో ఏళ్లుగా ఏ జంతువు మీదా అలా చెయ్యి వేసి చూడలేదు, అయినా చేతికి గుర్తున్నట్టుంది. చెవి వెనక తడిగా తగిలింది. రుమాలు విప్పి చూస్తే చర్మం విడిపోయి ఉంది, పౌడరంతా నెత్తురులో ముద్దయింది.

"జర కదిలింది అమ్మా, మిషను తగిలింది. మీకు చెప్పుదామనే అనుకున్న," అన్నాడు. చెప్పాలని అనుకోలేదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా దుకాణం మూసి నాతోపాటు పశువుల దవాఖానకు వచ్చాడు, డాక్టరు కడిగి కుట్లు వేస్తున్నంతసేపూ కుక్కను పట్టుకుని నిలబడ్డాడు. బయటికి వచ్చాక చేతులు జోడించి, "మా సేటుకు తెలిస్తె నౌకరి వోతది, మాఫ్ చెయ్యుండ్రి అమ్మా," అన్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చిన అమ్మాయి కుట్లు చూసి నిప్పులు కక్కింది, ఫొటోలు తీసింది, ఆ దుకాణం గడప ఇంకెవరూ తొక్కకుండా ఫోనులో రాసిపారేస్తానంది. తెల్లవారేదాకా ఆగమన్నాను. ఆగమనడానికి కారణం ఆమెకు చెప్పలేదు, చెబితే ఎక్కడి గొర్రెల కథ అంటుంది. మీకు చెబుతాను.

మాది గొర్రెల ఇల్లు. వానలు వెనకబట్టగానే గొర్రెలను వాగులో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఉన్ని కత్తిరించేవాళ్లు. ఒకరి మందకు ఇంకొకరు సాయం పోవడం మామూలు, ఒక్క ఇంటివాళ్ల చేతుల్లో తెమిలే పని కాదు. మగవాళ్లు వరుసగా కూర్చుని, కాళ్లు కట్టిన గొర్రెలను ముందు పడుకోబెట్టుకుని పెద్ద కత్తెరలతో పని మొదలుపెడితే ఆ చప్పుడు వాడ చివరిదాకా వినిపించేది, ఆడవాళ్లం ఉన్నిని రంగుల వారీగా వేరుచేసి గంపలకు ఎత్తేవాళ్లం, నల్లదాన్ని మాత్రం గొంగళ్లకోసం విడిగా పెట్టేవాళ్లం. ఎంత చేయి తిరిగినవాడికైనా ఎక్కడో ఒకచోట చర్మం తెగడం తప్పదు. దానికి మా వాళ్లలో ఒక పద్ధతి ఉండేది. తెగిందంటే ఆ కత్తెర పట్టినవాడు చెయ్యి ఆపి, అందరికీ వినబడేలా "తెగింది" అనాలి. అనగానే అందరి కత్తెరలూ ఆగేవి, ఎవరో వేపనూనెలో కలిపిన పసుపు తెచ్చి పూసేవారు. గాయం ఆరేదాకా ఆ గొర్రెను మందలోకి వదలకుండా తెగ్గోసినవాడే తన ఇంటికి తోలుకుపోయి, కట్టేసి, మేతవేసి, ఈగలు వాలకుండా చూసుకోవాలి. తిట్లూ జరిమానాలూ ఏమీ ఉండవు. ఇంట్లో ఆడవాళ్లు మాత్రం చుట్టమొచ్చిందని, చుట్టానికి కోడి కోస్తున్నారా అని ఆటపట్టించేవాళ్లు. మా బాపు అంత పనిమంతుడు ఉండడు, అయినా మా ఇంటికి అలాంటి చుట్టాలు వస్తూనే ఉండేవి. ఎవరూ గొర్రె మీద చెయ్యి వేసి వెతికి చూసేవాళ్లు కాదు. వెతికితే కత్తెర పట్టినవాణ్ణి అనుమానించినట్టు.

బాపుకు తమ్ముడు, మా చిన్నాయన. నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని అంగడికి తీసుకుపోయినవాడు, అతనంటే నాకు ప్రాణం. నా చిన్నప్పుడు ఒక ఏడు అతనికి పక్క ఊళ్లో ఒక సంబంధం దాదాపు కుదిరింది. పిల్లను ఇతను జాతరలో చూసి, చేసుకుంటే ఆమెనే చేసుకుంటానని ఇంట్లో పట్టుబట్టి కూర్చున్నాడు. పిల్ల తండ్రి మాత్రం ఇంకా మాట ఇవ్వలేదు, ముందు మా మందకు ఉన్ని తీయడానికి రమ్మను, చేతిపని చూస్తా అన్నాడు. అది పరీక్షేనని అందరికీ తెలుసు. బాపు వెంట నేనూ పోయాను.

చిన్నాయన ఆ రోజు బాగానే చేశాడు. ఎదురుగా మామ కాబోయే మనిషి గొంగడి మీద కూర్చుని చూస్తున్నాడు, ఆ పిల్ల చల్ల ముంత పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. మధ్యాహ్నం అతని ముందుకు ఒక చూడి గొర్రె వచ్చింది, ఆ ఇంట్లో అందరికంటే ముద్దుగా చూసుకునేది. దాని తొడ సందులో తెగింది. ఆ ఒక్క మాట అనేస్తే అయిపోయేది. పిల్ల ముందర నలుగురూ చుట్టమని నవ్వుతారని సిగ్గుపడ్డాడో, చేతిపని చూడటానికి వచ్చినవాడి ముందు చెయ్యి జారిందని ఒప్పుకోలేకపోయాడో, ఇంత మట్టి తీసి అక్కడ అద్ది, కట్లు విప్పి మందలోకి వదిలేశాడు. ఆ సాయంత్రం మామ కాబోయే మనిషి చాలా సంతోషంగా మమ్మల్ని పొలిమేర దాకా సాగనంపాడు.

కొన్ని రోజులకు గొర్రె వెనకబడటం మొదలుపెట్టిందట. కుంటుతోందని పట్టి చూస్తే తొడ సందులో తెగినచోట లోపలంతా పురుగులు. సీతాఫలం ఆకు నూరి పోశారు, దవాఖానకు తోలుకుపోయారు, లాభం లేకపోయింది. కడుపులో పిల్లతోపాటు పోయింది. మామ కాబోయే మనిషి మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కేకలు వేస్తాడనుకుంటే వేయలేదు, అమ్మ ఇచ్చిన నీళ్లు తాగాడు, బాపుతో నెమ్మదిగా మాట్లాడాడు.

"తెగుడు ఎవలకైనా తెగుతదన్నా, నా చేతుల తెగలేదా? గని చెప్పనోనికి పిల్లనెట్లియ్యాలె, నువ్వే చెప్పు."

చిన్నాయన లోపల గోడకు ఆనుకుని ఇదంతా విన్నాడు. అప్పుడు నాకు ఆ తండ్రి మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన ఎలా ఇస్తాడు అనిపిస్తుంది. ఆ పిల్లను ఇంకో ఊరికి ఇచ్చారు. ఆ ఏటి నుంచే, ఉన్ని తీసిన ప్రతి గొర్రె మీదా మా అమ్మ బొచ్చుకు ఎదురుగా చెయ్యి వేసి చూడటం మొదలుపెట్టింది, నన్నూ చూడమంది. కత్తెర పట్టినవాళ్లు మొహం తిప్పుకునేవాళ్లు.

చిన్నాయన మళ్లీ కత్తెర పట్టలేదు. నర్సాపూర్ పోయి ఒక హోటల్లో పనికి కుదిరాడు, చాలా ఆలస్యంగా పెళ్లి చేసుకున్నాడు. నాకు తపాలా ఆఫీసులో ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆ దారిన పోతూ అతను పనిచేసే హోటల్లో టీ తాగేదాన్ని. ఒకసారి అతని చేతిలోంచి గ్లాసు జారి పడింది. ముక్కలు ఇంకా కదులుతూనే ఉన్నాయి, యజమాని తల ఎత్తనేలేదు, "నా చేతులనే పలిగింది!" అని చిన్నాయన హోటలంతా మోగేలా అరిచాడు. కూర్చున్నవాళ్లు నవ్వారు, అతనికి అది అలవాటేనట. నాకు నవ్వు రాలేదు.

ఇదీ నేను అమ్మాయిని ఆగమన్న కారణం. మర్నాడు పొద్దున దుకాణానికి పోయి, మేము ఎక్కడా ఏమీ రాయం, కానీ నువ్వే మీ సేటుకు ఫోను చేసి తెగిందని చెప్పు, సాయంత్రం మా ఇంటికి వచ్చి కుక్కకు కట్టు మార్చు, మానేదాకా రోజూ మార్చు అన్నాను. ఎంతో మంచి తీర్పు చెప్పినట్టు తేలిగ్గా ఇంటికి వచ్చాను. నేను చెప్పినప్పుడు అతను తలూపాడు. మొహంలో భయం పోలేదు గానీ నేను దాన్ని పట్టించుకోలేదు.

సాయంత్రం నిజంగానే వచ్చాడు. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, కుక్కను ఒళ్లోకి తీసుకుని పాత కట్టు ఎంతో జాగ్రత్తగా విప్పాడు. చూస్తూ నిలబడిన అమ్మాయి కోపం కూడా సగం దిగింది. సేటుకు చెప్పావా అని అడిగాను.

"చెప్పిన అమ్మా. రేపటి సంది రావద్దన్నడు."

మందు పూయడం మాత్రం ఆపలేదు. సేటు కుక్క సంగతి అసలు అడగలేదట, బతికిందా చచ్చిందా అని కూడా. ఇంత జరిగాక కూడా మా ఇంటికి వచ్చాడు. అమ్మాయి ఫోను తీసి సేటుతో తాను మాట్లాడతానంది, వద్దన్నాడు, ఆయన పొద్దుననే వేరే మనిషిని మాట్లాడుకున్నాడట. కట్టు ముడివేసి, కుక్కను కిందికి దించి, లేచి నిలబడి నన్ను ఒక మాట అడిగాడు.

"సంగారెడ్డిల ఇంకో దుకాణం ఉన్నదంట అమ్మా, పోయి అడుగుత. ముందటి పని ఎందుకు ఇడిచినవంటె ఏం చెప్పాలె?"

మా ఊళ్లో అయితే ఈ ప్రశ్న పుట్టదు. ఉన్నదున్నట్టు చెప్పినవాణ్ణి చూసి నలుగురూ నవ్వి, మళ్లీ తమలో కూర్చోబెట్టుకునేవాళ్లు, మర్నాడు అతని చేతికి ఇంకో గొర్రెను ఇచ్చేవాళ్లు. చెప్పినవాడికి మళ్లీ చోటిచ్చే మనుషులు చుట్టూ ఉన్నారు కాబట్టే చెప్పడానికి ధైర్యం వచ్చేదని, అది ఒక్కడి మంచితనం కాదని నాకు ఈ వయసులో, ఈ మనిషి పని పోగొట్టాక గానీ తెలిసిరాలేదు. నిజమే చెప్పమందామంటే అతని చిన్నపిల్ల గుర్తొచ్చింది. అబద్ధం చెప్పమందామంటే హోటల్లో మా చిన్నాయన గుర్తొచ్చాడు.

అతను గుమ్మం దగ్గర నా జవాబు కోసం నిలబడి ఉన్నాడు. కూర్చోమని, టీ పెడతానని చెప్పి లోపలికి పోయాను.