మగ్గాలు ఆగిన పూట

మరమగ్గాల వాడలోని బడిలో రోజారాణి టీచర్ మూడో తరగతికి పోలికలు చెప్పేది. అవ్వా అని పిలుచుకునే తల్లి చనిపోయినప్పటి నుంచి హర్షిణి తరగతిలో నోరు విప్పలేదు. ఆ పిల్ల చేత ఒక్క మాటైనా పలికించాలని టీచర్ నెల రోజులుగా ఆరాటపడుతోంది.

ఆ రోజు కరెంటు పోయింది. వాడంతా మగ్గాలు ఒక్కసారే ఆగాయి. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగిన పిల్లలు ఉలిక్కిపడి తలలెత్తారు.

"గిప్పుడు దేని లెక్క ఉన్నదో చెప్పుండ్రి," అంది టీచర్.

"పెద్దసారు వచ్చినప్పటి లెక్క!" అన్నాడు ప్రణయ్. అందరూ నవ్వారు.

"మా ఇంటి లెక్కున్నది టీచర్," అంది హర్షిణి మెల్లగా. "అవ్వ పోయినంక, బాపు మగ్గం నడిపినా గిట్లనే ఉంటది."

శభాష్ అనబోయి రోజారాణి ఆగిపోయింది. సుద్దముక్క కింద పెట్టి ఆ పిల్ల పక్కన కూర్చుంది. మగ్గాలు మళ్లీ మోగినా లేవలేదు.