రేసు రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు

మా ఆయన బస్సు డ్రైవరుగా రిటైరైన ఏడాదే, పత్తికొండ అవతల కార్ల రేసుల కోసం కొత్త రోడ్డు వేస్తున్నారని తెలిసింది. టమోటా మార్కెట్లో ఎవరో మాట్లాడుకుంటుంటే విన్నాడట. ఇంటికొచ్చి, చేతిసంచి కింద పెట్టకుండానే చెప్పాడు.

"ఒక రోడ్డు ఏస్తాండారంట. యాడికీ పోదంట."

"యాడికీ పోని రోడ్డు ఎందుకప్పా?"

"అదే చూసొద్దాం పా."

ఆదివారం నాకు జాకెట్లు కుట్టే పని ఉండదు. ఇద్దరం మోపెడ్ మీద వెళ్లాం. వెళ్లేసరికి అక్కడ రోడ్డే లేదు. చదును చేసిన నేల మీద సున్నపు గీతలు, రెండు జేసీబీలు, ఒక రేకుల షెడ్డు ఉన్నాయి. గీత వెంట నడిచాం. కొంతదూరం తిన్నగా పోయి, వంకర తిరిగి, దాదాపు వచ్చిన వైపుకే మళ్లి, అక్కడి నుంచి ఇంకో పక్కకు తిరిగింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఘాట్ రోడ్డు మలుపులను తిట్టుకున్న మనిషి మా ఆయన. షెడ్డు దగ్గరున్న ఇంజనీరును అడగకుండా ఉండలేకపోయాడు.

"కొండ ల్యా, వంక ల్యా. రోడ్డును ఎందుకిట్ల తిప్పినారమ్మా?"

ఆ ఇంజనీరుది కడప. చిన్న వయసే. తలకు తువ్వాలు చుట్టుకుని దాని మీద హెల్మెట్ పెట్టుకుంది.

"తిన్నగా అయితే అందరూ తోల్తారు చిన్నాయనా. ఎవురెంత మొగోడో మలుపులోనే కదా తెలిసేది," అంది నవ్వుతూ.

ఆ మాట ఆయనకు శానా నచ్చింది. ఆ తర్వాత తీరిక దొరికిన ఆదివారమల్లా అటే వెళ్లేవాళ్లం. వెళ్లినప్పుడల్లా పని ఏదో ఒక చోట ఆగి ఉండేది. ఎందుకు ఆగిందని నేను అడిగితే ఆమె విసుక్కోకుండా చెప్పేది. ఒకసారి పెద్ద మలుపు కింద నల్లరేగడి బయటపడింది. వానకు ఉబ్బి ఎండకు పగిలే మట్టి మీద రోడ్డు నిలవదని, మనిషి లోతు తవ్వి పారబోసి ఎర్ర గరుసు మట్టి నింపారు. ఇంకోసారి వెళ్తే కూలీల గుడారాలే లేవు. కోసిగి నుంచి వచ్చినవాళ్లు, మిరప కోతలు మొదలయ్యాయని గుంటూరు వైపు వెళ్లిపోయారట. పొయ్యిరాళ్లు మాత్రం మిగిలాయి.

"వాళ్లొచ్చేదాకా ఏం చేస్తావమ్మా?" అన్నాను.

"పెద్ద సార్లకు ఫోన్లో జవాబు చెప్తా కూచుంటా చిన్నమ్మా."

ఎండాకాలానికి కంకర పొర పడింది. దాన్ని నీళ్లతో తడిపి రోలరుతో తొక్కించాలి. చుట్టుపక్కల బోర్లు ఎండిపోవడంతో నీళ్లకే చాలా రోజులు ఎదురుచూశారు. చివరికి నీళ్లు దొరికి ట్యాంకరు నిండిన రోజున డ్రైవరు లేడు. భార్యకు కాన్పని ఊరికి పోయాడు. మేము అప్పుడే మోపెడ్ దిగుతున్నాం.

"చిన్నాయనా, నీ హెవీ లైసెన్సు ఇంకా ఉండాదా?"

"ఉండాది. ఏం?"

"ఒక చుట్టు తిప్పి నీళ్లు చల్లుతావా? మెల్లగా పోవల్ల. నడిచే మనిషి కంటే జోరుగా పోగూడదు."

ఆయన నా వైపు తిరిగి, "ఎక్కు," అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన తోలే పెద్దబండిలో ఆయన పక్కన కూర్చోవడం నాకు అదే మొదలు. ఆ ఎత్తు నుంచి చూస్తే మలుపులన్నీ ఒకదాని వెనక ఒకటి కనబడ్డాయి. వచ్చిన మలుపే మళ్లీ వచ్చిందా, ఇది వేరేదా అని నేను తికమకపడుతుంటే, ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా తోలుతున్నాడు. వెనక నుంచి ఆమె ఏదో అరుస్తున్నట్టు అనిపించింది కానీ ఇంజను మోతలో వినబడలేదు. చుట్టు పూర్తయ్యాక చూస్తే, రోడ్డు ఎడమ అంచు మొత్తం బురద. నడుమ భాగం ఎండి అలాగే ఉంది.

"నడుమ తోలమని అరుస్తానే ఉండా కదా చిన్నాయనా."

"ఎదురుగా ఏమన్నా వస్తాదేమోనని పక్కన తోలినా."

"ఈడ ఎదురుగా ఏదీ రాదు."

ఆయన ఇంజను ఆపేసి, కిందికి దిగి బురదలో కాలు పెట్టి చూశాడు. అంచు ఆరేదాకా రోలరు దిగడానికి వీల్లేకపోయింది. అయినా ఆయన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్నాడు ఆమే పిలిపించి, అసలు డ్రైవరు వచ్చేదాకా ట్యాంకరు ఆయనకే ఇచ్చింది. ఆ తర్వాత ఎవరైనా రేసు రోడ్డు ఎందుకు ఆలస్యమైందని అడిగితే ఆయన నల్లరేగడి, మిరప కోతలు, బోర్లు అన్నీ చెప్పి, "కొంచెం నావల్ల గూడా" అనేవాడు.

పై తారు పొర వేసేటప్పుడు మధ్యలో ఆపకూడదట. అందుకే వానాకాలం మొదట్లో ఊరంతా మబ్బు కోసం చూస్తుంటే, ఆమె ఒక్కతే మబ్బు పట్టకూడదని చూసేది. వానలు తగ్గాకే తారు పడింది. తన పని అయిపోగానే ఆమె వేరే చోటికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు మా ఇంటికొచ్చి రాగిసంగటి తిని, రెండు జాకెట్లు కుట్టించుకుంది.

ఇప్పుడు చుట్టూ కంచె కట్టారు. గేటు దగ్గర మమ్మల్ని లోపలికి పోనివ్వరు. అవతలి గుట్టెక్కి చూస్తాం. నల్లటి రోడ్డు తయారుగా ఉంది కానీ, జనం కూర్చునే మెట్లకు పైకప్పు వేయలేదని ప్రారంభం మళ్లీ వాయిదా పడిందట. కార్లు ఎంత జోరుగా పోతాయో చూడాలని మా ఆయనకుంది. ఈ ఎండలో ఆ మెట్ల మీద కూర్చుని, తిరిగిందే తిరిగే కార్లను పొద్దంతా చూసేది ఎవరో చూడాలని నాకుంది.